లేపి తాపిన పాలు

"పది నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ రాజేశ్వర్ రావు, ఠాణా గోడ గడియారాన్ని వేలితో చూపిస్తూ. "ఒంటిగంట ఇరవై అయింది. ఒంటిగంట ముప్పైకి నువ్వు బయట కనపడాలె. నాలుగింటికి మేజిస్ట్రేట్ గారు నర్సింగ్ హోంకు వస్తాండ్రు. హైదర్ మరణ వాంగ్మూలం ఇస్తడు. నీ కేసు ఆడికి ఖతం."

"మనిషి బతికే ఉన్నడు గదా. అప్పుడే మరణ వాంగ్మూలం ఏంది?"

"ఆ మాట లోపల కూసున్నామెను అడుగు, పాణీ. బతకనిచ్చేదుండెనో లేదో ఆమెకే ఎరుక."

రాజేశ్వర్ రావుకు నా మీద కోపం పాతది. పందొమ్మిదేళ్లు బీమా ఆఫీసులో చావుల మీద విచారణ చేయడమే నా ఉద్యోగం. ఆయన మూసేసిన ఫైళ్లు మూడింటిని నేను మళ్లీ తెరిపించాను. ఆ ఉద్యోగం వదిలి 'సారంగపాణి, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు కట్టుకున్న రోజున, ఆ బోర్డు కింద నిలబడి చాయ్ తాగి, నవ్వుకుంటూ వెళ్లిన మొదటి మనిషి ఆయనే. అయితే ఈసారి ఆయన చేతిలో ఉన్నది గట్టి కేసు. నాకు ఒళ్లు మండినా ఒప్పుకోక తప్పదు.

హైదర్ గిర్మాజీపేటలో దర్జీ. ముప్పై ఆరేళ్లవాడు. ఇల్లూ దుకాణమూ ఒకటే. నాలుగు నెలలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం, మనిషి చిక్కి సగమయ్యాడు. గడిచిన నెల రోజుల్లో ఐదుసార్లు ఉన్నట్టుండి మొహం నీలమై విరుచుకు పడిపోయాడు. ఐదుసార్లూ భార్య తాహెరా బేగం పాల గ్లాసు అందించినప్పుడే పడ్డాడు. ఆరు నెలల కిందట అతని అన్న కూడా ఆ ఇంట్లోనే అలాగే పడి మళ్లీ లేవలేదు. ఆ రోజు అతనికి నీళ్లిచ్చిన చెయ్యి కూడా ఈ తాహెరాదే. నిన్న సాయంత్రం నాలుగున్నరకు హైదర్ ఐదోసారి పడగానే, అక్క సుల్తానా బేగం ఠాణాకు వచ్చి ఫిర్యాదు రాయించింది. గ్లాసులో మిగిలిన పాలను సీసాలో పోసి హైదరాబాదు ల్యాబుకు పంపారు. ఆ రిపోర్టు వచ్చేలోపు తాహెరాను లాకప్పులోంచి బయటికి తీయడం బ్రహ్మతరం కూడా కాదు.

తెల్లారగట్ల నా తలుపు కొట్టింది ఆమె తండ్రి జానీ మియా. ఆటో నడుపుతాడు. "నా బిడ్డ చీమను గూడ తొక్కదు సార్" అని ఒక్క మాట అని గడప మీద కూలబడ్డాడు. అన్ని కేసుల్లోనూ తండ్రులు ఈ మాటే అంటారు. అందులో సగం మంది కూతుళ్లు ఏనుగును కూడా తొక్కగలరు. అయినా వచ్చాను.

లోపలికి వెళ్లేసరికి తాహెరా బల్ల చివర కూర్చుని ఉంది. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. నేనెవరో చెప్పకముందే అడిగింది.

"బతికిండా?"

"బతికిండు. మంచిగనే ఉన్నడంటాండ్రు."

ఆమె రెండు చేతుల్లో మొహం దాచుకుంది. నాకున్నవి పది నిమిషాలే కాబట్టి మెత్తగా ఉండే తీరిక లేదు.

"నిన్న జరిగింది చెప్పు. టైం తోటి చెప్పు."

"అసర్ నమాజు అయినంక. నాలుగున్నర కావొచ్చు. పాలు కాచిన. ఆయన పండుకొని ఉండె. మెడ కింద చెయ్యి పెట్టి లేపి కూసోబెట్టిన. రెండు గుటకలు తాగిండు. అంతే, కండ్లు తేలేసిండు."

"మింగిండా, నోట్లనే ఉన్నయా?"

"మింగిండు."

"మిగతా నాలుగుసార్లు గూడ మింగినంకనే పడ్డడా?"

ఆమె నా వైపు కొత్తగా చూసింది.

"లేదు సార్. మొన్న జుమ్మా నాడు తాగనే తాగలే. గ్లాసు నా చేతిల్నే ఉండె. పెదవులకు గూడ తగల్లే."

"ఈ మాట ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు చెప్పినవా?"

"ఆయన పాలల్ల ఏం కలిపినవని ఒక్కటే అడిగిండు. వంద తీర్ల అదే అడిగిండు."

విషాన్ని చేత్తో కలిపి, నోటికి తగలకుండానే మనిషిని పడగొట్టేవాళ్లు కథల్లో ఉంటారేమో గాని, గిర్మాజీపేటలో ఉండరు.

"పడ్డంక నువ్వేం చేస్తవు?"

"ఏం చేస్త? భయమైతది. మంచం మీద పండబెట్టి కాళ్లు రుద్దుత. జర సేపటికి కండ్లు తెరుస్తడు. సార్, ఆయనకు రాత్రి నుంచి ఎవరు తాపుతాండ్రు? ఆయన చేత్తోని తాగలేడు. నర్సమ్మకు జర చెప్పున్రి."

బూట్ల చప్పుడు వినిపించింది. రాజేశ్వర్ రావు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఐపోయింది టైం. ఇగో, పాణీ, నీ పందొమ్మిదేండ్ల తెలివికి ఒక్క ప్రశ్న. నిన్న సాయంత్రం నుంచి ఈమె చెయ్యి ఆయనకు తగల్లే. ఇరవై గంటలైంది. ఒక్కసారి గూడ పడలే. మనిషి తేరుకున్నడు, మాట్లాడుతాండు. దీనికేమంటవు?"

జవాబు ఉన్నట్టు మొహం పెట్టుకుని బయటికి వచ్చాను.

---

ఒంటిగంట యాభైకి గిర్మాజీపేట చేరాం. జానీ మియా ఆటోలోనే ఉండిపోయాడు. ఆ గడప తొక్కే ముఖం లేదన్నాడు. తలుపు తీసిన సుల్తానా బేగం నలభై ఎనిమిదేళ్ల గట్టి మనిషి. తమ్ముళ్లిద్దరినీ పెంచి పెద్ద చేసిన చెయ్యి ఆమెది. ఆ చేత్తోనే తలుపు సగం మూసి పట్టుకుంది.

"నువ్వు దాని తరఫున వచ్చినవని తెలుసు. నా ఇంట్ల నీకేం పని?"

"తప్పు చేసిందని తేలితే నేనే సాక్ష్యం చెప్త, ఆపా. మీ తమ్ముడు పండుకునే గది చూస్త, అంతే."

ఏమనుకుందో, పక్కకు తప్పుకుంది. గదిలో నులక మంచం ఒకటి. దూది దిండు ఒకటి మంచం కింద ఉంది, గోడవైపు నెట్టేసి. తీసి చూశాను. దాని మీద దుమ్ము తప్ప తల ఆనిన గుంట లేదు.

"దిండు కింద ఎందుకున్నది?"

"వాడికి దిండు పడదు. నాలుగు నెలల సంది సాపుగ పండుకుంటాండు. జ్వరానికి చూసిన డాక్టరు గుండె జబ్బని, దిండ్లు ఎత్తు పెట్టుకోవాల్నని చెప్పిండు. పెడితే తీసి పారేస్తడు."

బీమా ఆఫీసులో చదివిన కాగితాలన్నీ ఒక్కసారి కళ్ల ముందు కదిలాయి. గుండె చెడినవాడు పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటాడు. రాత్రుళ్లు కుర్చీలోనే నిద్రపోయేవాళ్ల గురించి కనీసం నలభై రిపోర్టులు రాసుంటాను. కూర్చుంటే ఆయాసం, పడుకుంటే హాయి అన్నవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

ముందుగదిలో మిషను మీద గుడ్డ కప్పి ఉంది. మిషను వెనకాల నేల మీద చాప పరిచి ఉంది. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. చాప మధ్యలో కాదు, తల వైపున, గోడకు జానెడు దూరంలో తెల్లదారం ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. ఒక సూది చాపలోనే గుచ్చి ఉంది. పక్కన సగం అయిన కుర్తా. గుండీల కాజాలు నాలుగు కుట్టి ఐదోది వదిలేశాడు.

"ఈ చాప మీద ఎవరు కుడతరు?"

"వాడే. కాజాలన్నీ బోర్ల పండుకోని కుట్టుడు సురువు జేసిండు. పెద్ద దర్జీ, షేర్వాణీలు కుట్టే చెయ్యి, పసిపోరగాని లెక్క బోర్ల పండుకోని కుడతాంటే నవ్వుకున్న. కూసుంటే కండ్లు తిరుగుతున్నయన్నడు."

"ఎప్పటి సంది?"

"రంజాన్ల పడ్డప్పటి సంది."

నేను పట్టుకుని చూస్తున్న సూదిని వదిలేశాను. "రంజాన్ల పడ్డడా? ఐదుసార్లే గద పడ్డది. అన్నీ ఈ నెలనే."

సుల్తానా బేగం నా మొహం చూసి తడబడింది. "అది లెక్కల రాదు. అది రోజా నీరసం. జొహర్ యాల్ల, ఒకటిన్నరకు. గిరాకి షేర్వాణీ కొలత ఇయ్యనీకి వచ్చిండు. వీడు పండుకోని ఉండె, టేపు పట్టుకోని దిగ్గున లేచి నిలబడ్డడు, పడ్డడు. గిరాకి నేను కలిసి పండబెట్టినం."

"అప్పుడు తాహెరా ఏడున్నది?"

"పుట్టింట్ల ఉండె. వారం దినాలు."

"ఆమె ఇంట్ల లేదు. ఆయన రోజా ఉన్నడు. నోట్ల మంచినీళ్ల చుక్క గూడ పడలే. అయినా పడ్డడు."

సుల్తానా బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆపా, కోపం చేసుకోకు. ఒక్కటి అడుగుత. మనిషికి పాణం బాగలేదు, కూసుంటే కండ్లు తిరుగుతున్నయంటాండు. పండుకున్నోనికి పండుకున్నట్టే చెంచాతోని ఎందుకు తాపలే?"

ఆమె ఒక్కసారి ఇంతెత్తున లేచింది. "ఏం మాటయ్యా అది? పండుకున్న మనిషి నోట్ల చెంచాతోని పోసేది ఎప్పుడు? పాణం పొయ్యేటప్పుడు! ఆఖరి నీళ్లు గట్ల పోస్తరు. బతికున్నోనికి గట్ల పోస్తే చావును పిలిచినట్టే. మా ఇంట్ల ఎంత చాతగానోనికైనా లేపి కూసోబెట్టి తాపాలె. మా అమ్మ నేర్పింది నాకు, నేను నేర్పిన దానికి. ఆ ఒక్కటి మాత్రం మంచిగ నేర్సుకున్నది."

నేను ఆ చాప మీదే కూలబడ్డాను. ఇరవై గంటలు హైదర్ ఎందుకు పడలేదో అప్పుడు అర్థమైంది. నర్సింగ్ హోంలో చేతికి సెలైన్ సూది గుచ్చి కదలకుండా పడుకోబెట్టి ఉంటారు. తాపేవాళ్లు లేరు, లేపేవాళ్లూ లేరు. మందు దొరికింది ఆ పడకలోనే. అయితే ఆ మాట నేనంటే రాజేశ్వర్ రావు వింటాడా? డిటెక్టివ్ చెప్పిన వైద్యం చింతకాయ పచ్చడికైనా పనికిరాదు.

---

డాక్టర్ సరస్వతి మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. బీమా రోజుల్లో నా అనుమానాల్లో ఉత్తవాటిని కొట్టి పారేసింది ఆమే, నిజమైన వాటిని మిగిల్చిందీ ఆమే. హనుమకొండలో ఆమె ఇంటికి చేరేసరికి రెండూ నలభై అయింది. భోజనం చేస్తోంది. నేను చెప్పింది వింటూ వింటూ తినడం మానేసింది. చెయ్యి కడుక్కోలేదు. అలాగే ఎండిపోయింది.

"అన్న పోయినప్పుడు ఇంకేమన్న లక్షణాలున్నయా?"

"పోవడానికి రెండు నెలల ముందు మూతి వంకర పోయి, కుడిచెయ్యి పడిపోయిందని జానీ మియా చెప్పిండు. గాలి సోకిందనుకున్నరు."

"వయసు?"

"నలభై రెండు."

"అబ్బ," అంది ఆమె నెమ్మదిగా. "పాణి గారూ, ఇది నేను జన్మలో ఒక్కటే చూసిన. మద్రాసుల చదివేటప్పుడు. అది గూడ మనిషి చచ్చినంక, కోసిన గుండెల."

"ఏందది?"

"గుండె ఎడమపక్క పై గదిల ఒక గడ్డ పెరుగుతది. మెత్తగ, జిగురు జిగురుగ. గోడకు చిన్న కాడతోని వేలాడుతుంటది. మిక్సోమా అంటరు. మనిషి పండుకుంటే గడ్డ వెనకకు జారుతది, దారి ఖాళీ. లేచి కూసుంటే కిందికి దిగి తలుపుల అడ్డం పడుతది. నల్లా మూతికి రబ్బరు బిళ్ల అడ్డం పడ్డట్టు. రక్తం ముందుకు పోదు. మొహం నీలమైతది, పడిపోతడు. పండబెట్టంగనే గడ్డ జారుతది, బతుకుతడు. దాని తోటే జ్వరం, చిక్కిపోవుడు. అందరు కీళ్లవాతం గుండెకెక్కిందనుకుంటరు. గడ్డల ముక్క తెగి మెదడుకు పోతే మూతి వంకర పోతది. కాలికి పోతే కాలు చచ్చుపడతది."

"క్యాన్సరా?"

"కాదు. పుస్తకాలల్ల నిరపాయమైన గడ్డ అని రాస్తరు."

"మనుషుల్ని చంపేదాన్ని నిరపాయమంటరా?"

"పేరు పెట్టినోని గుండెల లేదు గద." ఆమె లేచి చెయ్యి కడుక్కుని స్టెతస్కోపు సంచిలో వేసుకుంది. "చెవి పెట్టి వింటే కొందరిల ఒక చప్పుడు వినపడుతది. గడ్డ తలుపు మీద పడ్డ చప్పుడు. మనిషి పక్కకు తిరిగితే ఆ చప్పుడు మారుతది. అది వింటే నేను సంతకం పెట్టి చెప్త. హైదరాబాదుల గుండెను తెరమీద చూపెట్టే మిషను వచ్చింది, దాంట్ల చూసి ఆపరేషను చేస్తే మనిషి నూరేండ్లు బతుకుతడు. కాడ కోసి తీసేసుడే. కానీ అప్పటి దాంక ఆయన్ను ఎవరు లేపొద్దు. కూసోబెట్టొద్దు. ప్రతిసారి తేరుకుంటడని ఏం లేదు."

"అన్నదమ్ములిద్దరికి ఎట్ల వచ్చింది?"

"కొన్ని కుటుంబాలల్ల నెత్తురుల వస్తదని ఈ మధ్యనే రాస్తాండ్రు. ఇంట్ల ఇంకెవరన్న ఉన్నరా?"

"అక్క ఒకామె. రాయి లెక్క ఉన్నది." నేను గడియారం చూసి ఆగిపోయాను. మూడూ పదిహేను. "డాక్టరమ్మా, వాంగ్మూలం ఎట్ల తీసుకుంటరు?"

"నాకేం తెలుసు? చెప్తే రాసుకుంటరు, దస్తఖత్ పెట్టిచ్చుకుంటరు."

"దస్తఖత్ పెట్టాలంటే?"

ఆమె చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగింది.

జానీ మియా ఆటో ఆ రోజు నడిచిన తీరు చూస్తే ఏ పోలీసైనా లైసెన్సు చింపేసేవాడు. ముసలాయన ఒక్క మాట మాట్లాడలేదు. "మీ అల్లుణ్ని కూసోబెడితే చచ్చిపోతడు" అని నేను చెప్పాక ఇంకేం మాట్లాడతాడు? అతని కూతురు హంతకురాలు కాదని తేలాలంటే ఆ అల్లుడు బతికి ఉండాలి. చనిపోతే మా మాటకు సాక్ష్యం గుండెలోనే పూడుకుపోతుంది. పోస్టుమార్టంలో విషం వెతికేవాళ్లు గుండె గదులు విప్పి చూస్తారని నమ్మకం లేదు. ఆ కుటుంబం శవాన్ని కోయనిస్తుందన్న నమ్మకం అంతకన్నా లేదు. తాహెరాకు ఉరి పడుతుంది, ఎందుకు పడిందో తాహెరాకు కూడా తెలియదు.

నర్సింగ్ హోం ముందు జీపు ఉంది. జీపు పక్కన ఇంకో కారు ఉంది. మూడూ ముప్పై ఎనిమిది. మేజిస్ట్రేటు గారికి ఐదింటి బండి ఎక్కే పనుందట, ముందే వచ్చారట. ఈ సంగతి మెట్ల మీద కానిస్టేబుల్ చెప్పాడు. మిగతాది వినకుండా పరుగెత్తాను.

గది తలుపు తీసేసరికి నర్సు మంచం తలవైపు దిండు మీద దిండు పేరుస్తోంది. మూడోది పెడుతోంది. మేజిస్ట్రేటు కుర్చీలో కలం పట్టుకుని ఉన్నారు. సుల్తానా బేగం మూలన నిలబడి ఉంది. మంచం మీద రాజేశ్వర్ రావు హైదర్ వీపు కింద చెయ్యి వేసి, చంటిపిల్లవాణ్ని ఎత్తినంత జాగ్రత్తగా లేపుతున్నాడు.

"లేపకు! రాజేశ్వర్ రావు, లేపకు! పండబెట్టు!"

"బయటికి పో, పాణీ. అడ్డం వస్తే నిన్ను గూడ లోపలేస్త."

"నీకు దండం పెడత. పండబెట్టు."

"ఒక్క దస్తఖత్... లే, హైదర్, లే బాబు, సాపుగ కూసో..."

హైదర్ కూర్చున్నాడు. ఒక్క క్షణం మా అందరినీ చూశాడు. పెదవులు కదిలాయి. అంతే, ఆ పెదవుల మీదికి నేరేడుపండు రంగు పాకింది, కళ్లు పైకి తేలిపోయాయి, తల రాజేశ్వర్ రావు భుజం మీద వాలిపోయింది.

"చూసిన్రా సార్!" అని అరిచాడు ఇన్‌స్పెక్టర్. "విషం ఇంకా ఒంట్లనే ఉన్నది!"

సరస్వతి నన్ను తోసుకుని వెళ్లింది. దిండ్లు మూడూ గుంజి నేల మీద పారేసింది. హైదర్ భుజాలు పట్టుకుని పక్క మీద సాపుగా పడుకోబెట్టింది, ఎడమపక్కకు తిప్పింది. రాజేశ్వర్ రావు ఆమె చెయ్యి పట్టుకోబోతే మోచేత్తో కొట్టింది. నాడి మీద వేలు పెట్టింది. నేను గడియారంలో ముల్లునే చూస్తున్నాను. పది సెకన్లు. ఇరవై. జానీ మియా గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాచి ఏదో గొణుగుతున్నాడు. ముప్పై ఐదు.

"ఉన్నది," అంది సరస్వతి. "నాడి వచ్చింది."

నలభై ఐదు సెకన్లకు పెదవుల రంగు మారింది. నిమిషానికి హైదర్ కళ్లు తెరిచాడు. సరస్వతి స్టెతస్కోపు పెట్టి, అతణ్ని ఒకసారి ఈ పక్కకు, ఒకసారి ఆ పక్కకు తిప్పుతూ చాలాసేపు విన్నది. తర్వాత గొట్టాలు తీసి, మేజిస్ట్రేటు చెవులకు తగిలించింది.

"లబ్ డబ్ అయినంక ఇంకోటి వినపడుతాంది చూడున్రి. ఇప్పుడు తిప్పుతాన. పోయిందా?"

మేజిస్ట్రేటు తల ఊపారు. ఆమె ఆయనకు చెప్పినదంతా నాకు చెప్పినదే. నేను దానికి రంజాన్ నాటి సంగతి కలిపాను, తాగకుండానే పడిన శుక్రవారం సంగతి కలిపాను. సుల్తానా బేగం వైపు చూశాను. ఆమె అవునన్నట్టు కళ్లు దించుకుంది. మేజిస్ట్రేటు హైదర్ మీదికి వంగి, పడుకున్నవాణ్ని పడుకున్నట్టే అడిగారు, మీ ఇంటామె మీద నీకేమైనా అనుమానం ఉందా అని.

"ఆమె ఏడున్నది సాబ్?" అన్నాడు హైదర్. "పొద్దటి సంది అడుగుతాన, ఎవరు చెప్తలేరు. ఆమె అన్నం తిన్నదా?"

మేజిస్ట్రేటు ఆ మాటను అలాగే రాసుకున్నారు. వేలిముద్ర పడుకోబెట్టే తీసుకున్నారు. రాజేశ్వర్ రావు కిటికీ దగ్గర నిలబడి టోపీ తీసి చేతిలో తిప్పుతున్నాడు. అతని మొహం చూసి రెండు మాటలు అందామని పొద్దున్నుంచీ దాచుకున్నాను. అతని భుజం మీద హైదర్ ఉమ్మి తడి ఇంకా ఆరలేదు. ఆ మాటలు మింగేశాను.

సుల్తానా బేగం వసారాలోకి వెళ్లింది. పడమటి గోడవైపు తిరిగి, కొంగు సర్దుకుని, నేల మీద నుదురు ఆనించింది. తమ్ముడు దక్కినందుకు దేవుడికి చెప్పుకునే సజ్దా అది. చాలాసేపు అలాగే ఉంది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆమె తల ఎత్తి మోకాళ్ల మీద లేచింది. ఒక చెయ్యి గోడ కోసం వెతికింది. గోడ దొరకలేదు.

పడిన చప్పుడుకు అందరికన్నా ముందు ఉరికింది రాజేశ్వర్ రావే. నేను అంటున్నదేదో అతనికి వినపడలేదు. విన్నది చెవికెక్కినంత తొందరగా చేతికెక్కదు. ఆమెను రెండు చేతులా లేపాడు. గోడకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టాడు. "నీళ్లు తేండి, నీళ్లు!" అని అరిచి, కానిస్టేబుల్ తెచ్చిన గ్లాసు తన చేత్తోనే ఆమె పెదవుల దగ్గర పెట్టాడు.

"జర తాగమ్మా. ఒక్క గుటక."

ఆమె ఒక్క గుటక తాగింది. మొహం నీలమైంది. అతని చేతుల్లోనే వాలిపోయింది.

గ్లాసు నేల మీద దొర్లింది. రాజేశ్వర్ రావు ఆ నీళ్లను చూశాడు, తన చెయ్యి చూసుకున్నాడు, తలెత్తి నన్ను చూశాడు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, ఆమె తల కింద చెయ్యి పెట్టి నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టాడు.

సరస్వతి పరుగున వచ్చి స్టెతస్కోపు పెట్టింది. పక్కకు తిప్పింది. మళ్లీ విన్నది. ఆమె మొహం తెల్లబోయింది.

"అదే చప్పుడు. ఈమెకు తమ్ముని కన్న పెద్దగున్నది. ఇద్దర్ని ఈ రోజే హైదరాబాదుకు తీస్కపోవాలె. ఇద్దరు సాపుగ పండుకోవాలె. దారిల ఒక్క ముక్క తెగినా..." అని మిగతాది మింగేసింది.

"యాకయ్యా!" రాజేశ్వర్ రావు కానిస్టేబుల్‌ను కేకేశాడు. "జీపుల వెనక సీట్లు పీకెయ్. పరుపులు వెయ్. ఠాణా ముంగట ఆపు, ఆ తాహెరా బేగంను గూడ ఎక్కించుకుంటం. వీళ్లకు దారి పొడుగూత తాపే మనిషి గావాలె."

నేను సుల్తానా బేగం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. రంగు తిరిగి వస్తోంది. కళ్లు తెరిచి, పైకప్పు వైపు చూస్తూ, నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"లేపుడే తప్పా? లేపితేనే పోతరా?"

"ఇప్పుడు మాట్లాడకు ఆపా. కదలకు."

"మా అమ్మ గూడ గిట్లనే పోయింది. హైదర్‌కు అప్పుడు ఏడాది. నాకు పదమూడు." ఆమె వేళ్లు నా చొక్కాలో బిగుసుకున్నాయి. "'పండుకున్నట్టే నీళ్లు పొయ్యి బిడ్డా, లేవలేను' అన్నది. నేనే వినలే. అపశకునమని లేపి కూసోబెట్టి తాపిన."